61 కీల కీబోర్డు, గ్రేడ్ 5 స్థాయి: షోపాన్, షూమన్ కాకుండా రొమాంటిక్ కాలంలో ఇంకేం వాయించొచ్చు?

చంపావతి (విజయనగరం)

అందరికీ నమస్కారం. స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి వాయించగలను. పియానో పరీక్షల్లో గ్రేడ్ 4 అయింది, 5కి సాధన నడుస్తోంది. బుర్గ్‌ముల్లర్ ఓపస్ (రచన సంఖ్య) 100లో పదిహేను దాకా వచ్చు. షూమన్ పిల్లల ఆల్బమ్ నుంచి, చైకోవ్‌స్కీ పిల్లల ఆల్బమ్ నుంచి చెరో నాలుగు. షోపాన్ తెరిస్తే నా చేతికి అందేవి రెండో మూడో, అవీ అందరూ వాయించేవే. ఎవర్ని అడిగినా తిప్పి తిప్పి బీథోవెన్ ఫ్యూర్ ఎలీజ్ దగ్గరికే తెస్తున్నారు.

ఆ కాలంలోనే, అంటే 1820 నుంచి 1910 లోపు అనుకోండి, పెద్దగా పేరు వినపడనివాళ్లు ఈ స్థాయికి తగ్గట్టు రాసినవి ఏమున్నాయి? అసలు పేరే తెలియనివాణ్ణి వెతకడం ఎలా? ఇప్పుడున్నది 61 కీల కీబోర్డు. టచ్ రెస్పాన్స్ ఉంది గానీ కీలకు బరువు లేదు. సంక్రాంతికి 88 కీలది వస్తుంది. చెయ్యి బాగా చాపితే ఒక ఆక్టేవ్ (ఒక సీ నుంచి పై సీ దాకా) అందుతుంది, ఆపైన ఒక్క కీ కూడా అందదు. ద్వారం వారి ఊళ్లో వయొలిన్ గురించి ఎవర్నడిగినా చెబుతారు, పియానో నోట్స్ మాత్రం దించుకుని జిరాక్సు తీయించుకోవడమే నాకు గతి. అందుకని ప్రింటు సంగతి కూడా చెప్పండి.

నాగావళి_88 (శ్రీకాకుళం)

చంపావతి గారూ, ఓపస్ 100 దాటినవాళ్లకి మొదటి మజిలీ స్టీఫెన్ హెల్లర్. 1813లో హంగరీలోని పెష్ట్‌లో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, అక్కడే 1888లో పోయాడు. ఆయన రాసినవాటికి ఎట్యూడ్ (సాధన రచన) అని పేరుండటం వల్ల వేళ్ల కసరత్తు అనుకుని జనం పక్కన పెడతారు. నిజానికి అవి ఒకటి రెండు పేజీల పాటలు. ఒక్కో దాంట్లో ఒక్క చిక్కే పెడతాడు, మిగతాదంతా సుళువుగా ఉంచుతాడు. ఈ స్థాయికి అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ చాలామంది బోల్తా పడేది నంబర్ల దగ్గర. ఓపస్ 45, 46, 47 అని మూడు సంపుటాలున్నాయి. చిన్న నంబరు తేలిక అనుకుని 45తో మొదలుపెడతారు, పది రోజుల్లో మూసేస్తారు. కష్టం లెక్క తిరగబడి ఉంది: 47 తేలిక, 46 మధ్యస్థం, 45 కష్టం. 47లో 25 పీసులు, 46లో 30, 45లో 25. మీరు 47 రెండో సగంలోంచి నాలుగు తీసుకుని, అవి కుదిరాక 46కి వెళ్లండి.

45 నుంచి ఒక్కటి మాత్రం ఇప్పుడే పట్టుకోవచ్చు. 2వ నంబరు, ఏ మైనర్, పుస్తకాల్లో "మంచు చరియ" అనే అర్థమొచ్చే పేరుతో ఉంటుంది. మూడేసి స్వరాల గుంపులు ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందుతూ పోతాయి, ఆ వెంటనే విడివిడి కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పడతాయి. తప్పు జరిగేది చెయ్యి మారే చోట. రెండో చెయ్యి ఆలస్యంగా వచ్చి, ఆ కంగారులో మొదటి స్వరాన్ని దబ్బున కొడుతుంది. వినేవాళ్లకి అతుకు తెలిసిపోతుంది. వేగం తగ్గిస్తే చాలదు. అందుకోబోయే చేతిని ఒక గుంపు ముందే కీల మీద ఆనించి ఉంచాలి, దాని మొదటి స్వరాన్ని కావాలనే మిగతావాటికంటే మెత్తగా వెయ్యాలి. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60 పెట్టి దెబ్బకో గుంపు వాయించండి. కళ్లు మూసుకుని విన్నప్పుడు ఎక్కడ చెయ్యి మారిందో తెలియకపోతేనే నాలుగేసి చొప్పున పెంచండి.

ఆ తర్వాత మళ్లీ మీ బుర్గ్‌ముల్లరే, ఓపస్ 109. ఓపస్ 100 తెలిసినవాళ్లలో సగం మందికి ఇదొకటుందనే తెలియదు. 18 పీసులు, ప్రతిదానికీ పేరుంది: 7 జోలపాట, 9 ఉదయపు గంట, 13 తుపాను, 14 పడవవాడి పల్లవి, 18 నూలు వడికే ఆమె. ఓపస్ 100 కంటే రెండు మెట్లు పైన. ముందు 1, 7 చూడండి, 13 ఆఖర్న. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. బుర్గ్‌ముల్లర్లు ఇద్దరు, అన్నదమ్ములు. మీక్కావలసింది అన్న ఫ్రీడ్రిష్ (1806–1874). తమ్ముడు నోర్బెర్ట్ 26 ఏళ్లకే పోయాడు, ఆయనవి సింఫనీ లాంటి పెద్ద రచనలు. ఇంటిపేరు ఒక్కటే కొడితే ఇద్దరూ వస్తారు.

ఎట్యూడ్‌లు కానివి కావాలంటే డెన్మార్క్ వైపు చూడండి. నీల్స్ గాడె (1817–1890) ఓపస్ 19, "అక్వరెల్లర్", అంటే నీటిరంగు చిత్రాలు. రెండు భాగాల్లో ఐదేసి చొప్పున పది. మొదటి భాగంలో ఎలిజీ, స్కెర్జో, కాన్జొనెట్టా, హ్యూమొరెస్క్, బార్కరోల్ ఉంటాయి. మెండెల్‌సన్ వయొలిన్ కాన్చెర్టో 1845లో లైప్‌సిగ్‌లో మొదటిసారి మోగినప్పుడు ఆర్కెస్ట్రాని నడిపింది ఈయనే. ఆ సాంగత్యం ఈ పీసుల్లో బాగానే వినిపిస్తుంది: రాగం పైన, తోడు లోపల, బాస్ కింద, మూడు పొరలు రెండు చేతుల్లో. మధ్య పొర ఎప్పుడూ మెత్తగా ఉండాలి. దాన్ని బొటనవేళ్లు వాయిస్తాయి, బొటనవేలికి సహజంగానే బరువెక్కువ, అందుకే అది రాగాన్ని మింగేస్తుంది. పైరాగం, బాస్ మాత్రమే వారం రోజులు వాయించి, మధ్య పొరని ఆ తర్వాత కలపండి.

ఫ్రాన్సు నుంచి సెసిల్ షామినాడ్ (1857–1944), "పిల్లల ఆల్బమ్" ఓపస్ 123. ప్రెల్యూడ్, గావోత్, జీగ్, బార్కరోల్, టారంటెల్ ఇలా చిన్న చిన్నవి. టారంటెల్ అంటే పరుగు. మీకు కదలిక కావాలంటే అది. అమెరికా నుంచి ఎమీ బీచ్ (1867–1944): ఓపస్ 25లో ఆరు, ఓపస్ 36లో ఐదు. ఓపస్ 36లోవన్నీ నాట్యాలే, మినుయెట్, గావోత్, వాల్ట్జ్, మార్చ్, పోల్కా. ఇవి గ్రేడ్ 5కి కొంచెం కిందే. అయినా చూడగానే వాయించే అలవాటుకి ఇంతకంటే మంచి సరుకు లేదు.

కోటజంక్షన్ (విజయనగరం)

నాగావళి గారు చెప్పినవాటికి వంక పెట్టను గానీ, ఎట్యూడ్ మీద ఎట్యూడ్ పెడితే మనిషి విసిగిపోతాడండి. హెల్లర్ నాలుగు అయ్యాక ఆపెయ్యాలి. ఈ స్థాయిలో వేళ్ల వేగం కంటే ముందు రావలసింది వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలియడం. అది చిన్న చిన్న భావచిత్రాల్లో వస్తుంది, వేగంలో రాదు.

నా లెక్కలో మొదటి పేరు టెయోడోర్ కిర్ష్నర్ (1823–1903). షూమన్, బ్రామ్స్ ఇద్దరికీ దగ్గరివాడు. జీవితమంతా దాదాపు చిన్న పీసులే రాశాడు, పేరు రాకపోవడానికి అదీ ఒక కారణం. ఓపస్ 7 ఆల్బమ్ పుటలు చూడండి. అవి బరువనిపిస్తే ఓపస్ 71, అంటే నూరు చిన్న స్టడీలు, చాలావరకు ఒక పేజీ లోపే. పేరుకి స్టడీలు, వాయిస్తే షూమన్ చిత్తుకాగితాల్లా ఉంటాయి. ఇందులో ఇబ్బంది ఏంటంటే ముగింపులు. ఒక్కోసారి మాట మధ్యలో ఆపేసినట్టు ఆపేస్తాడు. అక్కడ మనవాళ్లు అలవాటు కొద్దీ వేగం తగ్గించి పెద్ద ముగింపు ఇస్తారు. రాసి లేకపోతే తగ్గించకండి.

రెండోది జ్దెనెక్ ఫిబిఖ్ (1850–1900), చెక్ దేశస్థుడు. తన శిష్యురాలు అనెష్కా మీద ప్రేమని డైరీ రాసినట్టు పియానో మీద రాసుకున్నాడు, మొత్తం 376 పీసులు, ఓపస్ 41, 44, 47, 57లో సర్దారు. అందులో "పోయెమ్" అనే ఒక్కటి వయొలిన్‌కి మార్చాక దేశదేశాలు తిరిగింది, మార్చింది యాన్ కుబెలిక్. మిగతా 375 ఎవరూ తియ్యరు. పీసు పీసుకీ కష్టం మారిపోతుంది. ఒకటి గ్రేడ్ 3 అయితే పక్కది గ్రేడ్ 7. పేజీలు తిప్పి ఏరుకోవాలి.

ఇంకొకరు మరియా షిమనోవ్‌స్కా (1789–1831), పోలండ్. షోపాన్ కంటే ముందే మజుర్కాలు (మూడు దెబ్బల పోలండ్ నాట్యాలు) రాసి అచ్చేయించింది, 24 ఉన్నాయి, ఎక్కువభాగం పేజీ లోపు. మజుర్కాలో ఊనిక మొదటి దెబ్బ మీద కాకుండా రెండు లేదా మూడో దెబ్బ మీద పడుతుంది. వాల్ట్జులా మొదటిది నొక్కితే అది మజుర్కా కాదు, అంతే.

పేరు తెలియనివాణ్ణి వెతకడం గురించి. మనిషి పేరుతో కాదు, పీసు జాతి పేరుతో వెతకండి: ఆల్బమ్ పుట, మాటల్లేని పాట, బార్కరోల్, ఎలిజీ, బెర్సూజ్, నోవెలెట్, హ్యూమొరెస్క్. ఆల్బమ్ పుట జర్మన్‌లో ఆల్బమ్‌బ్లాట్, ఫ్రెంచ్‌లో ఫెయ్ దాల్బమ్. ఒకే పీసు మూడు భాషల్లో మూడు పేర్లతో తిరుగుతుంది, కాబట్టి చివరికి ఓపస్ నంబరుతో సరిచూసుకోవాలి. ఇంకో దారి పరీక్షల పాత సిలబస్‌లు. బ్రిటన్ పరీక్షల సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం 2021 నుంచి ఇచ్చిన గ్రేడ్ 4, 5, 6 జాబితాల్లో బీ వరుస చూడండి, పాడేలాంటి పీసులు ఎక్కువగా అక్కడే పెడతారు. అక్కడ ఒక కొత్త పేరు కనపడితే ఆ ఒక్క పీసుతో ఆగకండి, అదే ఓపస్‌లో దాని పక్కనున్నవి తియ్యండి. పరీక్షలో పెట్టనివాటిలోనే మంచివి మిగిలిపోతుంటాయి. హెన్లే ప్రచురణలవాళ్లు ప్రతి పీసుకీ 1 నుంచి 9 దాకా కష్టం నంబరిస్తారు, 4 నుంచి 6 మధ్యస్థం. మీరు 3, 4 మధ్య వెతకండి.

చంపావతి (విజయనగరం)

ఇద్దరికీ ధన్యవాదాలు. షిమనోవ్‌స్కా పేరు వినడం ఇదే మొదటిసారి. గాడె బార్కరోల్ తెరిచాను. ఎడమ చేతిలో బాస్ క్లెఫ్ కింద గీతల మీద గీతలున్నాయి. నా 61 కీలలో ఏది ఉందో ఏది లేదో నోట్స్ చూసి చెప్పడం ఎలా? ఆక్టేవ్ బటన్ నొక్కి కిందికి దించితే సరిపోతుందా?

వంశధార (శ్రీకాకుళం)

ఆక్టేవ్ బటన్ పనికిరాదమ్మా. అది కీబోర్డు మొత్తాన్ని దించేస్తుంది, ఎడమ చేతికి కింద దొరికినంత కుడి చేతికి పైన పోతుంది.

చూసే పద్ధతి ఇది. 61 కీల కీబోర్డు మిడిల్ సీకి రెండు ఆక్టేవ్‌ల కింది సీతో మొదలై, మూడు ఆక్టేవ్‌ల పై సీతో ముగుస్తుంది. ఆ కింది సీ బాస్ క్లెఫ్‌లో స్టాఫ్ కింద రెండో అదనపు గీత మీద కూర్చుంటుంది. దానికి దిగువన ఏ స్వరమున్నా మీ దగ్గర లేనట్టే. రెండో అదనపు గీత మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకుని పీసంతా ఒకసారి చూసెయ్యండి, రెండు నిమిషాల పని. కింద 8 అని రాసి చుక్కల గీత ఉంటే అది ఇంకో ఆక్టేవ్ దిగుతుంది, దాన్నీ లెక్కించాలి. పైన హద్దు ట్రెబుల్ క్లెఫ్‌లో ఐదో అదనపు గీతకి పైనుండే సీ, అక్కడిదాకా మధ్యస్థ పీసులు ఎక్కువగా వెళ్లవు. ఇబ్బంది ఎప్పుడూ కిందే.

హద్దు దాటినవి నాలుగైదు స్వరాలే అయితే, అవి ఆక్టేవ్ జోడీలో కిందివైతే, పై స్వరం ఒక్కటే వాయించండి. విడి బాస్ స్వరమైతే దాన్ని ఒక ఆక్టేవ్ పైకెత్తండి, కార్డుతో గుద్దుకోనంత వరకు పర్వాలేదు. రాగమే బాస్‌లో నడిచే పీసయితే వద్దు, సంక్రాంతి దాకా ఆపండి. ఇంకో కొండగుర్తు: పీసు ఎంత పాతదైతే 61 కీలలో ఇమిడే అవకాశం అంత ఎక్కువ. 1820ల్లో పియానోలు సుమారు ఆరు ఆక్టేవ్‌లే, ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి ఏడుకు పైన. అందుకని ముందు షిమనోవ్‌స్కా, ఆ తర్వాత హెల్లర్ ఓపస్ 47. గాడె, కిర్ష్నర్, ఫిబిఖ్ 88 కీలు వచ్చాకే.

చెయ్యి అందకపోవడం గురించి. ఆక్టేవ్ దాటిన కార్డు ఎడమ చేతిలో వస్తే మూడు దారులు. పై స్వరం కుడి చేతికి దగ్గరగా ఉంటే దాన్ని కుడి బొటనవేలికి ఇచ్చెయ్యండి. అది కుదరకపోతే కింది నుంచి పైకి విరిచి వాయించండి, కానీ పెడల్ కింది స్వరంతోపాటే నొక్కాలి, లేకపోతే బాస్ ఎగిరిపోయి గాల్లో వేలాడినట్టుంటుంది. ఇవేవీ కాకపోతే మధ్యలో ఉన్న స్వరం వదిలెయ్యండి, బాస్‌ని మాత్రం వదలకండి.

పెడల్ అంటే గుర్తొచ్చింది. కీబోర్డుకి తగిలించే చదరపు ప్లాస్టిక్ పెడల్ ఉందా లేదా అన్నదే ముందు చూడాలి. అది లేకుండా ఈ కాలపు పీసులు వాయించి ప్రయోజనం లేదు. విరిచి వాయించే కార్డుకి తప్ప, మామూలుగా స్వరం కొట్టిన తర్వాత నొక్కాలి, స్వరంతో కలిపి కాదు. కార్డు మారిన క్షణంలో వదిలి, కొత్త కార్డు పడ్డాక మళ్లీ నొక్కడం. పెడల్ తిరగబడి పనిచేస్తోందంటే, అంటే నొక్కితే ఆగి, వదిలితే మోగుతుంటే, కీబోర్డు ఆన్ చేసేటప్పుడు కాలు దాని మీద ఉండి ఉంటుంది. ఆపి, కాలు తీసి, మళ్లీ ఆన్ చెయ్యండి. చాలా మోడళ్లలో అంతటితో సర్దుకుంటుంది.

ఇక దించుకోవడం, ప్రింటు. ఐఎంఎస్‌ఎల్‌పీ అనే పెట్రూచీ లైబ్రరీలో ఇప్పటిదాకా చెప్పిన పేర్లన్నీ దొరుకుతాయి. సభ్యత్వం లేకపోతే డౌన్‌లోడ్ ముందు కొద్ది సెకన్లు ఆగాలి, పేజీ మూసెయ్యకండి. ఒకే పీసుకి నాలుగైదు అచ్చులుంటాయి. మొదట కనపడింది దించకుండా అన్నీ తెరిచి, వేళ్ల నంబర్లున్నది, గీతలు తెగకుండా స్కాన్ అయినది ఎంచుకోండి.

వేళ్ల నంబర్ల దగ్గర పాత అచ్చులు పెట్టే మోసం ఒకటుంది. పాత ఇంగ్లండు, అమెరికా అచ్చుల్లో బొటనవేలికి కూడిక గుర్తు, చూపుడు వేలికి 1, మధ్య వేలికి 2, ఉంగరపు వేలికి 3, చిటికెన వేలికి 4. మనం నేర్చుకునేది బొటనవేలు 1, చిటికెన వేలు 5. పేజీలో ఎక్కడా 5 లేకుండా కూడిక గుర్తులు కనపడితే అది పాత పద్ధతి. అది తెలియక వాయిస్తే ప్రతి వేలూ ఒకటి తప్పి, చెయ్యి మెలికలు తిరుగుతుంది, పీసు కష్టమనుకుని వదిలేస్తారు. పెన్సిలుతో ప్రతి అంకెకీ ఒకటి కలిపి, కూడిక గుర్తుని 1 చేసుకోండి.

పాత పుస్తకాలు ఏ4 కంటే పెద్దవి, సుమారు 23 సెంటీమీటర్ల వెడల్పు, 30కి పైన పొడవు. అలాగే ఏ4కి కుదిస్తే స్టాఫ్ చిన్నదై, చుట్టూ తెల్ల అంచు మాత్రం దండిగా మిగులుతుంది. ముందు ఫోన్లోనో కంప్యూటర్లోనో అంచులు కత్తిరించి, ఆ తర్వాత పేజీకి సరిపెట్టమనండి. స్కాన్ నేపథ్యం బూడిద రంగుగా ఉంటే ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా మీ కోట దగ్గరైనా జిరాక్సువాళ్లు అలాగే తీసేస్తారు, పేజీ అంతా మసి. నలుపు తెలుపులో తియ్యమనండి. మరీ లేత చేస్తే స్టకాటో (తుంచి వాయించమనే) చుక్కలు మాయమవుతాయి, కాబట్టి ఒక్క పేజీ తీయించి చుక్కలు చూసుకున్నాకే మిగతావి. రెండు పేజీల పీసుని కాగితానికి ముందు వెనకా తియ్యొద్దు, ఏ3 మీద పక్కపక్కన తీయించండి, పేజీ తిప్పే బాధ ఉండదు. మూడు పేజీలదైతే మూడోది టేపుతో అంటించి మడవండి. స్పైరల్ బైండింగ్ పుస్తకానికి బాగుంటుంది, విడి పీసులకి దండగ.

హక్కుల మాట. మన దేశంలో రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్క. పైన చెప్పినవాళ్లంతా అది దాటేశారు. 1956లో పోయిన గ్లియర్ కూడా 2017 జనవరి 1 నుంచి ఇక్కడ స్వేచ్ఛే. ఆయన ఓపస్ 43 తేలిక పీసులు మీ జాబితాలో రాసుకోండి. కొత్త ప్రచురణల్లో సంపాదకుడు కొత్తగా చేర్చినదానికి వేరే హక్కుంటుంది, వాటిని జిరాక్సు తీయకండి.

బొబ్బిలి తంబుర (విజయనగరం జిల్లా)

మంచి చర్చ. ఇందాకటి నుంచి రష్యావాళ్ల గురించి గ్లియర్ తప్ప ఎవరూ ఎత్తలేదేటి?

వాసిలి కలిన్నికోవ్ (1866–1901) "షాన్సోన్ త్రిస్త్", విషాద గీతం. జీ మైనర్. క్షయతో 35 నిండకముందే పోయాడు, రెండు సింఫనీలు రాశాడు, పియానోకి రాసినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ పీసు 5/4లో ఉంటుంది. పశ్చిమ సంగీతం మాత్రమే నేర్చుకున్నవాళ్లకి అయిదు లెక్క రాళ్ల మీద నడక. మూడు వాయించి ఒకటి ఆగుతారు, లేదా ఆరోది కలిపేస్తారు. మన చెవికి ఖండచాపు ఉంది కదా, దాన్ని వాడుకోండి. తక తకిట అంటే 2+3, తకిట తక అంటే 3+2. ఏటంటే, పీసు రెండింట్లో ఏదో ముందే అనేసుకోకూడదు. ఒక్కో బార్‌లో (నిలువు గీతల మధ్య గడిలో) ఎడమ చేతి కార్డు ఎక్కడ మారుతోందో, కుడి చేతి స్లర్ (కలిపి వాయించమనే వంపు గీత) ఎక్కడ తెగుతోందో చూసి, ఆ బార్ మీద పెన్సిలుతో రాసుకోండి. మొదట వాయించకుండా నోటితో చెబుతూ తొడ మీద తట్టండి. ఖండచాపు మామూలుగా చురుగ్గా నడుస్తుంది, ఇది నెమ్మదిగా నడిచే పాట. అందుకని జతులు చెప్పేటప్పుడు వేగం ఎత్తెయ్యకండి. ప్రతి బార్ మొదట్లో ఊనిక పెడితే అయిదేసి ముక్కలుగా తెగి వినపడుతుంది, వాక్యానికి ఒక్కటే ఊనిక.

ఇది నచ్చితే తర్వాత అరెన్‌స్కీ (1861–1906) "బాసో ఒస్టినాటో", ఓపస్ 5లో 5వది. అక్కడ 5/4 తాళంలో ఆరు స్వరాల బాస్ తిరుగుతూ ఉంటుంది. అయిదులో ఆరు అన్నమాట, ప్రతి ఆవర్తానికీ ఒక దెబ్బ జరుగుతుంది. తాళం వేసేవాడికి పండగే. ఈ 5/4 పిచ్చి నీకు అలవాటైపోయేలా ఉందని చైకోవ్‌స్కీ ఆయనకి ఉత్తరం రాసి మరీ మందలించాడు. ఇది మాత్రం గ్రేడ్ 5 కాదు, బాగా పైన. వినడానికి చెప్తున్నాను.

రెబికోవ్ (1866–1920) కూడా చూడండి. "ఎల్కా", అంటే క్రిస్మస్ చెట్టు, అనే ఆపెరాలోని వాల్ట్జ్ పియానోకి దొరుకుతుంది. ఓపస్ 29 శరదృతువు ఆకులు, ఓపస్ 31 నీడబొమ్మలు. 31లోవి తేలిక.

ఇంకో చిక్కు ఈ కాలమంతా ఎదురవుతుంది, ఇప్పుడే తీర్చేసుకోండి. ఒక చేతిలో మూడు, ఇంకో చేతిలో రెండు. ఆరు లెక్కపెట్టండి: మూడు వాయించే చెయ్యి 1, 3, 5 మీద, రెండు వాయించే చెయ్యి 1, 4 మీద. కలిపి వింటే దెబ్బలు 1, 3, 4, 5 మీద పడతాయి. ముందు బల్ల మీద తట్టి, తర్వాత ఒక్కో చేతికి ఒక్కో కీ, ఆ తర్వాతే పీసు. మూడులో రెండో స్వరానికీ మూడో స్వరానికీ సరిగ్గా మధ్యలో ఇంకో చేతి రెండో స్వరం పడాలి. చాలామందికి అది మూడోదానితో అతుక్కుపోతుంది.

నాగావళి_88 (శ్రీకాకుళం)

రెబికోవ్ నా జాబితాలో ఉండాల్సింది, రాస్తూ మర్చిపోయాను. కోటజంక్షన్ గారితో ఒక్క చోట పేచీ: హెల్లర్ నాలుగుతో ఆపమన్నారు, నేను ఎనిమిది అంటాను. 46 లోంచి నాలుగు కూడా అయితేనే గాడెలో మూడు పొరలు చేతికొస్తాయి.

ఇంకొకటి. ఏ పీసైనా నేర్చుకోవడం మొదలుపెట్టే ముందు దానిలో అన్నిటికంటే నల్లగా కనపడే నాలుగు బార్లు వెతికి, సగం వేగంలో పావుగంట వాయించి చూడండి. పావుగంటకి ఆగకుండా రాకపోతే ఆ పీసు ఆరు నెలల తర్వాత. మొదటి పేజీ ఎప్పుడూ సుళువుగానే ఉంటుంది, అది చూసి నిర్ణయించుకుంటే రెండో పేజీ దగ్గర ఇరుక్కుంటారు.

కోటజంక్షన్ (విజయనగరం)

సరే, ఆరు. బేరం కుదిరింది.

చంపావతి (విజయనగరం)

షిమనోవ్‌స్కా మజుర్కాలు నాలుగు, హెల్లర్ ఓపస్ 47 రెండో సగం, కలిన్నికోవ్ ప్రింటు తీయించాను, ఏ3 మీద. మజుర్కాలు నాలుగూ 61 కీలలో ఇమిడాయి. కలిన్నికోవ్‌లో గీత కింద పడినవాటికి పెన్సిలు గుర్తు పెట్టాను, అది సంక్రాంతి తర్వాతే. ఈలోపు జతులు చెప్పుకుంటాను.

హెల్లర్‌తో నిన్నంతా కుస్తీ పట్టాను. మొదటి వరుసకే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే, తేలిక సంపుటం అన్నారు కదా, ఇదేంటి అనుకున్నాను. ఇప్పుడు వంశధార గారిది మళ్లీ చదివి పేజీ చూశాను. పేజీ అంతా కూడిక గుర్తులే, 5 ఒక్కటీ లేదు.

వంశధార (శ్రీకాకుళం)

పెన్సిలు తియ్యమ్మా.